తక్కెడకి రెండు పళ్ళేలు

"పాత ఇనప సామాన్లు కొంటాం... పాత పేపర్లు కొంటాం... పగిలిన ప్లాస్టిక్ బిందెలు కొంటాం..."

ఆదివారం పొద్దున్నే హాస్టల్ కిటికీలోంచి ఈ కేక వినబడగానే మా రూములో వాళ్ళు దిండు చెవుల మీద పెట్టుకుంటారు. నేను మాత్రం లేచి కూర్చుంటాను. ఎందుకంటే అది మా ఇంటి కేక. మా తాత ఆ కేక వేసుకుంటూ సైకిలు మీద ఊళ్ళు తిరిగాడు. మా నాన్న తోపుడు బండితో మొదలుపెట్టి, నరసరావుపేట దగ్గర చిన్న తుక్కు కొట్టు పెట్టాడు. ఆ కొట్టు మీద వచ్చిన డబ్బుతోనే నేను ఇప్పుడు మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నాను.

ఫస్టియర్‌లో ఎవరైనా "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని అడిగితే "బిజినెస్" అనేవాణ్ణి. "ఏం బిజినెస్?" అంటే "మెటల్స్" అనేవాణ్ణి. అది అబద్ధం కాదు. అలాగని నిజమూ కాదు.

తుక్కు కొనేవాళ్ళంటే మనలో చాలామందికి ఒకటే అభిప్రాయం: కాటాలో కొట్టేస్తారు, దొంగసొత్తు కొంటారు. అలాంటి వాళ్ళు లేరని నేను అనను. కానీ ఈ పనిలో నిజాయితీ అనేది మంచి మనసుకి మాత్రమే సంబంధించిన విషయం కాదు, అది పనితనంలో భాగం అని నాకు కొట్టులో కూర్చున్నాకే తెలిసింది. అదెలాగో మీకు చెప్పాలనే ఈ వ్యాసం.

కాటా దగ్గర

ముందు తూకం సంగతి చూద్దాం. మనం ఇంజనీరింగ్ వాళ్ళం కాబట్టి కొంచెం లెక్క వేసినా పర్లేదు.

చేతి తక్కెడ అంటే మనం చదువుకున్న లీవరే. మధ్యలో ముల్లు, రెండు వైపులా సమానమైన చేతులు. ఇప్పుడు సరుకు వేసే వైపు చెయ్యి 49 సెంటీమీటర్లు, రాళ్ళు వేసే వైపు 50 సెంటీమీటర్లు ఉందనుకోండి. మీ 10 కిలోల ఇనుము 9.8 కిలోలే తూగుతుంది. ఒక్క సెంటీమీటరు తేడా కంటికి ఆనదు. కానీ రోజంతా తూచేసరికి ఎన్ని కిలోలు మాయమవుతాయో ఆలోచించండి.

దీన్ని పట్టుకోవడం చాలా తేలిక. సరుకునీ రాళ్ళనీ పళ్ళేలు మార్చి మళ్ళీ తూచమనండి. ఈసారి 10.2 కిలోలు వస్తుంది. రెండు తూకాలూ ఒకటి కాకపోతే తక్కెడ సరిగా లేనట్టే. ఆ రెండింటినీ గుణించి వర్గమూలం తీస్తే అసలు బరువు 10 కిలోలు వచ్చేస్తుంది. టార్క్ సమీకరణం రెండుసార్లు రాస్తే ఎందుకో మీకే తెలుస్తుంది.

రాళ్ళలోనూ మోసం ఉంటుంది. ఇనప తూనికరాయి అడుగున చిన్న గుంట, అందులో పోసిన సీసం, దాని మీద ప్రభుత్వ ముద్ర ఉంటాయి. ఆ సీసం తవ్వేస్తే రాయి బరువు తగ్గుతుంది. కొనేవాడు అలాంటి రాయి వాడడు, ఎందుకంటే తక్కువ బరువున్న రాయితో కొంటే నష్టం తనకే. కొనేవాడు చేసే మోసం దానికి తిరగేసి ఉంటుంది. రాయిని బరువెక్కిస్తాడు, లేదంటే రాళ్ళ పళ్ళెం అడుగున ఏదో ఒకటి అంటిస్తాడు. ఎలక్ట్రానిక్ కాటా వచ్చాక మోసం పోతుందనుకున్నారు. కానీ అంకె కనబడినంత మాత్రాన అది నిజమైన అంకె అని కాదు. క్యాలిబ్రేషన్ మారిస్తే అది కూడా అబద్ధమే చెబుతుంది.

అందుకే 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం, దాని కింద 2011లో వచ్చిన నిబంధనలు ఉన్నాయి. వాటి ప్రకారం తక్కెడకీ రాళ్ళకీ రెండేళ్ళకోసారి, ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ తనిఖీ చేసి ముద్ర వేయాలి. మీకు అనుమానం ఉంటే ఇంట్లో ఉన్న కిలో ఉప్పు ప్యాకెట్టు తెచ్చి కాటా మీద పెట్టండి. నిజాయితీగా తూచేవాడు దానికి కోపం తెచ్చుకోడు. మా నాన్నయితే తనే అడుగుతాడు, "అమ్మా, ఉప్పు ప్యాకెట్టు ఉంటే తీసుకురండి" అని.

అయితే నిజాయితీగా తూచడం ఎందుకంత కష్టం? దీనికీ లెక్క ఉంది. నాన్న ఇనుము కిలో 30 రూపాయలకి కొంటున్నాడనుకుందాం. ఇంకో బండివాడు వచ్చి 32 అంటాడు. కానీ వాడి కాటాలో కిలో 900 గ్రాములే చూపిస్తుంది. 10 కిలోలకి నాన్న 300 ఇస్తాడు, వాడు 288 ఇస్తాడు. కానీ ఇంటావిడకి వినబడేది 30, 32 అనే రెండు అంకెలే. ఆవిడ 32 వైపే పోతుంది. అంటే మోసం చేసేవాడికి డబ్బులూ మిగులుతాయి, "మంచి రేటు ఇస్తాడు" అనే పేరూ వస్తుంది. సరిగ్గా తూచేవాడు పిసినారి అనిపించుకుంటాడు. చిన్నప్పుడు నాన్న ఖాళీ బండితో తిరిగొచ్చిన రోజులు నాకు బాగా గుర్తు.

ఏది ఇనుము, ఏది కాదు

తూకం తర్వాతది లోహం గుర్తుపట్టడం. తుక్కు వాడి అసలు విద్య ఇదే. మన ల్యాబులో స్పెక్ట్రోమీటరు చేసే పనిని మా కొట్టులో ఒక అయస్కాంతం, ఒక ఆకురాయి, ఒక గ్రైండరు, కాస్త అనుభవం కలిసి చేస్తాయి.

అయస్కాంతం అంటుకుంటే ఇనుము. అంటుకోకపోతే? అంతటితో ఇనుము కాదని తేల్చేయకూడదు. వంటింట్లో వాడే మంచి రకం స్టెయిన్‌లెస్ స్టీలుకి కూడా అయస్కాంతం అంటుకోదు. అలాగే మన ఇళ్ళలో "సిల్వర్ గిన్నెలు" అనేవి వెండివి కావు, అల్యూమినియంవి. రాగి సాంద్రత 8.96, ఇనుముది 7.87, అల్యూమినియంది 2.7. అలవాటైన చెయ్యి ఈ తేడాని ఎత్తగానే చెప్పేస్తుంది. రాగిలా మెరిసే తీగని ఆకురాయితో గీస్తే లోపల తెల్లగా కనబడిందంటే అది రాగి పూత వేసిన అల్యూమినియం. గ్రైండరుకి ఆనిస్తే కార్బన్ ఎక్కువున్న ఉక్కు చిచ్చుబుడ్డిలా నిప్పురవ్వలు విరజిమ్ముతుంది. బీడు ముక్క ఎర్రగా, పొట్టిగా రవ్వలు వదులుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇదంతా తెలిసింది కొనేవాడికి. అమ్మే ఆవిడకి తెలియదు. పాత బాత్రూము కుళాయి ఒకటి తెచ్చి "ఇనప ముక్కే కదా బాబూ, ఎంతో కొంత ఇవ్వు" అంటుంది. పైన క్రోమ్ పూత, లోపల ఇత్తడి. ఇత్తడి ధర ఇనుము కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. "సరేనమ్మా" అని ఇనప గుట్టలో వేసినట్టు వేసి, ఆవిడ లోపలికి వెళ్ళాక తీసి సంచిలో వేసుకుంటే అడిగేవాళ్ళు లేరు. కాటా మోసానికి ముద్ర ఉంది, చట్టం ఉంది. ఈ మోసానికి సాక్షి కూడా ఉండడు. ఇలాంటప్పుడు మా నాన్న కుళాయిని గీసి, పసుపు రంగు చూపించి, "ఇది ఇత్తడమ్మా, దీని రేటు వేరే" అంటాడు. చిన్నప్పుడు నాకిది చేతికొచ్చిన డబ్బు వదులుకోవడంలా ఉండేది. ఒకసారి ఆ మాటే అన్నాను.

"ఒరేయ్, డాక్టరు దగ్గరికి పోతే నీకు రోగం గురించి ఏం తెలుసు? ఆయన చెప్పిందే నమ్ముతావు. ఇక్కడ తెలిసినవాణ్ణి నేను" అన్నాడు నాన్న.

ఆయన చదివింది ఏడో తరగతి. ప్రొఫెషనలిజం అనే మాట ఆయనకి తెలియదు. కానీ నేను ఇప్పటిదాకా విన్నవాటిలో దానికి ఇదే సరైన అర్థం. తెలిసినవాడు తెలియనివాడికి నిజం చెప్పడం.

కొలిమి దాకా

మనం అమ్మిన ఇనుము ఎక్కడికి పోతుంది? బండి నుంచి చిన్న కొట్టుకి, అక్కడి నుంచి పెద్ద గోడౌనుకి, చివరికి ఇండక్షన్ ఫర్నేసుకో ఆర్క్ ఫర్నేసుకో చేరుతుంది. అక్కడ కరిగి కడ్డీగా మారి మళ్ళీ మన ఇళ్ళ స్లాబుల్లోకే వస్తుంది.

ఈ దారిలో ఎవరో ఒకరు బరువు కోసం రాగి చుట్ట ఉన్న మోటారుని అలాగే ఇనుములో కలిపేశారనుకోండి. ఫర్నేసులో ఆక్సిజన్ పంపితే సిలికాన్, మాంగనీసు లాంటివి ఆక్సైడ్లుగా మారి చిట్టెంలోకి పోతాయి. రాగి పోదు. ఎందుకంటే ఇనుము కన్నా రాగికి ఆక్సిజన్‌తో కలిసే గుణం తక్కువ. అది ఉక్కులోనే ఉండిపోతుంది. ఆ ఉక్కుని ఎర్రగా కాల్చి రోలింగ్ చేసేటప్పుడు పైపొరలో ఇనుము ఆక్సీకరణమై పోతూ ఉంటే రాగి అక్కడే పోగుపడి, కరిగి, ఉక్కు రేణువుల సందుల్లోకి దూరుతుంది. దాంతో పైన పగుళ్ళు వస్తాయి. దీన్నే హాట్ షార్ట్‌నెస్ అంటారు. ఒకసారి కరిగాక దాన్ని తీయడం దాదాపు అసాధ్యం కాబట్టి, రాగిని వేరు చేయాల్సింది కొలిమికి ముందే, అంటే తుక్కు కొట్టులోనే. మెటలర్జీ పుస్తకంలో ఒక పేరా ఉన్న ఈ విషయాన్ని చేతులతో ఆపుతున్నది చెమట పట్టిన బనీను వేసుకున్న ఒక మనిషి.

సరిగా ఏరితే లాభం కూడా అంతే పెద్దది. ముడి ఖనిజం నుంచి అల్యూమినియం తీయడానికి పట్టే శక్తిలో దాదాపు 5 శాతంతోనే తుక్కు అల్యూమినియంని మళ్ళీ కరిగించవచ్చు. కాబట్టి వీధిలో సిల్వర్ గిన్నె కొనేవాడు దేశానికి కరెంటు ఆదా చేస్తున్నాడంటే అది కవిత్వం కాదు.

పది కిలోల ఆరువందల గ్రాములు

ఇప్పుడు నా తప్పు చెప్పాలి.

ఇంటర్ రెండో సంవత్సరం సంక్రాంతి సెలవులు. నాన్న లోడు వేసుకుని విజయవాడ వెళ్ళాడు. కొట్టులో నేనొక్కణ్ణే ఉన్నాను. బైకు మీద ఇద్దరు కుర్రాళ్ళు గోనెసంచితో వచ్చారు. లోపల కాల్చిన రాగి తీగ. కాటా మీద పెడితే 10 కిలోల 600 గ్రాములు. నేను రేటు తగ్గించి చెప్పాను. వాళ్ళు మారు మాట్లాడలేదు. ఇంకా తగ్గించాను. సరే అన్నారు. మామూలు రేటులో సగం కూడా కాదు. నాన్న రాగానే గొప్పగా చూపించాను.

ఆయన తీగని చేత్తో తిప్పి చూశాడు.

"ఎక్కడిదని అడిగావా?"

"లేదు. చాలా చవగ్గా ఇచ్చారు నాన్నా."

"వాడిదే అయితే నీతో గంటసేపు బేరం ఆడేవాడురా. పది నిమిషాల్లో సగానికి ఇచ్చి పోయాడంటే అది వాడిది కాదు."

మర్నాడు పొద్దున్నే ఆ సంచి తీసుకుని నాన్న పోలీసు స్టేషనుకి వెళ్ళాడు. నన్నూ వెంట తీసుకెళ్ళాడు. రెండు రోజుల తర్వాత ఆ పక్క ఊరి మిరప రైతు ఒకాయన వచ్చాడు. రాత్రికి రాత్రి ఆయన బోరు కేబులు కోసుకుపోయారు. కోతల మధ్యలో ఉన్న తోట. అప్పు చేసి కొత్త కేబులు తెచ్చి వేసేలోపు ఆరు రోజులు తడి లేదు. మిగిలిన పూత రాలిపోయింది. కాల్చిన తీగ కేబులుగా ఎందుకూ పనికిరాదు. నాన్న కొత్త కేబులు ఖర్చులో సగం ఇవ్వబోయాడు.

"కోసింది మీరు కాదు కదన్నా, మీరెందుకు ఇవ్వడం?" అన్నాడు రైతు.

"కొనేవాడు లేకపోతే కోసేవాడు ఉండడు తమ్ముడూ" అన్నాడు నాన్న. నా వైపు చూడకుండానే అన్నాడు.

ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఒకరోజు మెటీరియల్ సైన్స్ క్లాసులో బోర్డు మీద రాగి సాంద్రత రాశారు. నా చెయ్యి దానంతటదే నోట్సు చివరి పేజీలో లెక్క వేసింది. మూడు తీగల కేబులు, ఒక్కో తీగ 4 చదరపు మిల్లీమీటర్లు, పొడవు 100 మీటర్లు. మొత్తం 1200 ఘన సెంటీమీటర్లు. 8.96తో గుణిస్తే 10 కిలోల 750 గ్రాములు. కాల్చడంలో, ఏరడంలో కాస్త పోయి ఉంటుంది. అంటే ఆ రోజు నేను కాటా మీద పెట్టింది తీగ కాదు, సరిగ్గా ఒక బోరు. ఆ లెక్క నాకు ముందే వచ్చి ఉంటే ఆ సంచిని చూడగానే గుర్తుపట్టేవాణ్ణి కదా అనిపించింది. కానీ నిజానికి లెక్క అవసరం లేదు. "ఎక్కడిది?" అని ఒక్క మాట అడిగితే చాలు.

చట్టం కూడా దాదాపు ఇదే చెబుతుంది. భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను ప్రకారం దొంగసొత్తు అని తెలిసి కొంటేనే కాదు, అలా నమ్మడానికి తగిన కారణం ఉండి కొన్నా నేరమే. రైల్వే సామానుకైతే 1966 నుంచి ప్రత్యేక చట్టమే ఉంది. అప్పటి నుంచి మా కొట్టులో ఒక నోటుబుక్కు ఉంది. అమ్మినవాళ్ళ పేరు, ఫోను నంబరు, బండి నంబరు, సరుకు వివరం రాయాలి. కాల్చిన రాగి, కరెంటు తీగలు, మ్యాన్‌హోల్ మూతలు, గుడి గంటలు కొనం. రాయనని వెళ్ళిపోయే వాళ్ళు వారానికి ఒకరిద్దరు ఉంటారు. వాళ్ళు ఇంకో కొట్టుకి పోతారని మాకూ తెలుసు.

రెండో పళ్ళెం

ఇంతవరకూ కొనేవాడి నిజాయితీ గురించి చెప్పాను. తక్కెడకి రెండో పళ్ళెం కూడా ఉంది. అటు వైపు ఉండేది మనం.

ఇసుక నింపిన పైపులు, తడిపిన పేపర్లు, లోపల సిమెంటు పోసిన స్టాండ్లు అమ్మేవాళ్ళు కూడా ఉంటారు. అది డబ్బు మోసం. అంతకన్నా ప్రమాదమైంది ఇంకోటుంది. అమ్మే వస్తువులో ఏముందో తెలిసీ చెప్పకపోవడం.

2010 ఏప్రిల్‌లో ఢిల్లీలోని మాయాపురి తుక్కు మార్కెట్లో కొందరు పనివాళ్ళు ఉన్నట్టుండి జబ్బుపడ్డారు. చర్మం నల్లబడింది, వెంట్రుకలు రాలాయి. ఆరా తీస్తే తేలిందేమిటంటే, ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర విభాగంలో ఏళ్ళ తరబడి వాడకుండా పడి ఉన్న గామా ఇర్రేడియేటరు యంత్రాన్ని వేలంలో అమ్మేశారు. దాని లోపల కోబాల్ట్-60 ఉంది. తుక్కు పనివాళ్ళు మామూలు యంత్రం అనుకుని విప్పారు. ఒకరు చనిపోయారు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు.

కోబాల్ట్-60 అర్ధాయువు సుమారు 5.27 సంవత్సరాలు. పాతదైపోయింది కదా అనుకుంటే పోయే వస్తువు కాదని సైన్సు చదివిన వాళ్ళకి తెలుసు. విప్పినవాళ్ళకి తెలియదు. ఇత్తడి కుళాయి తెచ్చిన ఆవిడకీ మా నాన్నకీ మధ్య ఎంత తేడా ఉందో, ఇక్కడ తుక్కు పనివాళ్ళకీ యూనివర్సిటీకీ మధ్య అంతకన్నా ఎక్కువ తేడా ఉంది. కాకపోతే ఈసారి తెలిసినవాళ్ళు అమ్మేవైపు ఉన్నారు. వాళ్ళు నోరు విప్పలేదు.

రేపు మనం ఫ్యాక్టరీల్లో, ఆసుపత్రుల్లో, ల్యాబుల్లో పనిచేస్తాం. పాత సామాను తీసేయించే సంతకం మనదే అవుతుంది. అందుకే చిన్న చిన్న అలవాట్లు ఇప్పటి నుంచే చేసుకుందాం. గ్యాసు సిలిండర్లు, మూత బిగిసిన డబ్బాలు అలాగే తుక్కులో వేయొద్దు, కట్టర్ తగిలితే పేలతాయి. పాత బ్యాటరీలోని యాసిడ్ కాలవలో పారబోయమని చెప్పొద్దు. ఫోన్లు, కంప్యూటర్లు రిజిస్టరైన రీసైక్లర్లకే ఇవ్వండి, 2022 ఈ-వేస్ట్ నిబంధనలు ఉన్నది అందుకే. వైర్లు కాల్చి రాగి తీయమనొద్దు, పీవీసీ పొగలో హైడ్రోజన్ క్లోరైడూ డయాక్సిన్లూ ఉంటాయి. పైగా కాల్చిన రాగికి రేటు కూడా తక్కువే.

పోయిన సెమిస్టరులో మా కాలేజీ ల్యాబుల్లో పాత సామాను ఖాళీ చేశారు. సాయం చేయడానికి మేం నలుగురం వెళ్ళాం. ట్రాలీ ఆటోతో వచ్చిన తుక్కాయన ఒక చెక్క ఫ్రేము ఎత్తబోయి ఆగాడు. దానికి యు ఆకారంలో గాజు గొట్టం ఉంది.

"సార్, ఇందులో వెండిలాగా కదులుతోంది, ఏంటది?" అన్నాడు.

ఆయన అడిగాడు కాబట్టే మేం చూశాం. ఫ్లూయిడ్ మెకానిక్స్ ల్యాబు మానోమీటరు అది. లోపల పాదరసం. మేం నలుగురం దాని మీద రీడింగులు తీసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే. సారుకి చెబితే ఆయన వెంటనే ఆపించి, ల్యాబు అసిస్టెంటు చేత పాదరసాన్ని జాగ్రత్తగా మందపాటి సీసాలోకి తీయించి, మూత బిగించి పక్కన పెట్టించారు. తర్వాత నేను మిగిలిన ఒక్కో వస్తువుకీ అందులో ఏముందో ఒక చీటీ రాసి అంటించాను. తుక్కాయనకి చదువు రాదు కాబట్టి చదివి కూడా వినిపించాను.

అంతా ఎక్కించాక కాటా పెట్టాడు. నేను దాని ముద్ర ఏ ఏడాదిదో చూశాను. ఆయన నవ్వాడు.

"నీకివన్నీ ఎలా తెలుసు బాబూ?"

నా ఫ్రెండ్స్ ముగ్గురూ పక్కనే ఉన్నారు.

"మా నాన్నది తుక్కు కొట్టు" అన్నాను.